కందెన పండిన చేతులు

"గవరయ్యా! ఒరే గవరయ్యా, ఇలా తగలడు!" అని ఇరుసులకు కందెన పెట్టే పనివాణ్ణి రథశాల అధికారి భూషణుడు కేకేశాడు. ఊరేగింపు నడుమ రాజుగారి రథం ఇరుసు ఫెళ్లున విరిగింది మరి.

"రోజూ ఆ ఇరుసును నా చేత్తో తడిమి చూస్తాను ప్రభూ! వీడే కందెన పెట్టడం మానేశాడు. చెయ్యి నరికించండి," అని రథం దిగిన రాజుగారికి విన్నవించాడు.

రేపు పెళ్లిపీటల మీద సంపెంగి మెడలో తాళి కట్టాల్సిన చెయ్యది! అయినా గవరయ్య బెదరలేదు.

"కందెన లేకపోతే తడిమిన రోజే తమకు తెలియాలి కదండీ? ఉంటే ఆ నలుపు మూడు రోజులైనా వదలదు. ఏవీ, తమ చేతులు?" అంటూ, గోరింటాకులా మోచేతుల దాకా నల్లగా పండిన తన చేతులు చాపాడు.

భూషణుడి అరచేతులు మల్లెల్లా తెల్లగా ఉన్నాయి, గంధం వాసనేస్తున్నాయి. రాజుగారు వాటిని తేరిపార చూశారు.

"ఇరుసులో పగులుందని వీడు ముందే చెప్పాడు ప్రభూ," అని గొణిగి, చివరికి భూషణుడు అందరికీ వినపడేలా అన్నాడు: "నేనే ఆ ఇరుసును ఎన్నడూ ముట్టుకోలేదు."