గోరింక చెప్పిన ఖాయం

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యలో ఒక వాగు. పెద్ద జంతువులకు అందులో నీళ్లు పొట్ట దాకా కూడా వచ్చేవి కావు. చిన్నవాటికి మాత్రం తల మునిగేది. అందుకని పెద్దవి చిన్నవాటిని వీపు మీద ఎక్కించుకుని దాటించేవి. ఆ పనికి సవారీ అని పేరు.

సవారీ కావాలంటే ఏం చెయ్యాలో తెలుసా? వాగు మలుపులో ఇప్పచెట్టు మీద ఒక గోరింక ఉండేది. దానికి చెబితే చాలు. "ఫలానా రేవులో సవారీ! దగ్గర్లో ఎవరున్నారు?" అని అడవంతా వినపడేలా కేక వేసేది. దగ్గర ఉన్నవాళ్లు వెళ్లేవారు. దాటించినందుకు తినడానికి ఏదో ఒకటి దొరికేది.

అలా సవారీలు మోసేవాళ్లలో బొర్రయ్య అనే అడవిదున్న ఒకడు. మనసు మంచిదే. కాకపోతే తిండి మాట చెవిన పడితే కాళ్లు అటే తిరిగేవి.

కొన్నాళ్లకు గోరింక కొత్త పద్ధతి పెట్టింది. రేపటి సవారీని ఈ సాయంత్రమే అడిగి పెట్టుకోవచ్చు. మోసేవాళ్లలో ఎవరో ఒకరు "సరే" అనగానే గోరింక ఎగిరి వెళ్లి, "మీ సవారీ ఖాయం!" అని చెప్పి వచ్చేది. అడిగినవాళ్లు నిశ్చింతగా నిద్రపోయేవారు.

ఇక్కడే ఉంది అసలు సంగతి. సరే అన్నవాడికి పొద్దున్నే దారిలో ఇంకో మంచి సవారీ తగిలిందనుకోండి, దాంతో వెళ్లిపోయేవాడు. గోరింక మళ్లీ కేక వేసేది. ఎవరో ఒకరు దగ్గర్లో ఉండేవారు, వెళ్లేవారు. పని జరిగిపోయేది. ఆ ఖాయంలో ఎంత గాలి ఉందో ఎక్కేవాళ్లకు తెలియదు. మోసేవాళ్లకు తెలుసు. బొర్రయ్యకు మరీ బాగా తెలుసు. అలా నాలుగైదుసార్లు ఎగ్గొట్టిన ఘనుడు కదా!

ఒక సాయంత్రం గోరింక కేక వేసింది. "రేపు పొద్దున్నే నల్లబండ రేవులో సవారీ! ఎవరొస్తారు?"

నల్లబండ అంటే అడవికి చిట్టచివర. అక్కడ లేత గడ్డి బాగుంటుందని బొర్రయ్యకు గుర్తొచ్చింది. "సరే, నేను వెళతాను" అన్నాడు. ఎక్కేది ఎవరో గోరింక చెప్పలేదు. చెప్పే అలవాటు దానికి లేదు.

తెల్లవారింది. బొర్రయ్య గట్టు వెంబడి బయలుదేరాడు. కొంతదూరం పోయాక ఒక కుందేలు ఎదురొచ్చింది.

"బొర్రయ్య మామా, నన్ను దాటించవా? రేగుపళ్లు పెడతాను."

"ఇంకో సవారీ ఉందమ్మా" అని బొర్రయ్య సాగిపోయాడు.

ఇంకొంచెం దూరంలో నక్క ఎదురొచ్చింది. "నీ వీపంత మెత్తని వీపు ఈ అడవిలో ఇంకోటి లేదు బావా! దాటించు, వెలగపండు ఇస్తాను."

బొర్రయ్య మురిసిపోయాడు. అయినా ఆగలేదు.

ఇప్పచెట్టు కిందికి వచ్చేసరికి అడవిపంది పెద్దయ్య తన సంసారంతో వాగు దాటడానికి నిలబడి ఉన్నాడు. వాళ్ల పక్కన చెరుకుగడల మోపు ఉంది. బొర్రయ్యకు నోరూరింది. "ఒక్క దాటే కదా! నల్లబండకు గోరింక ఇంకెవరినైనా పంపదా ఏం?" అనుకుని ఒక కాలు నీళ్లలో పెట్టాడు. పెట్టాక ఎందుకో మనసు పీకింది. తలెత్తి చూశాడు.

"గోరింకక్కా, నేను వీళ్లను దాటిస్తే నల్లబండకి ఎవరు వెళతారు?"

"కేక వేస్తాను. దగ్గర్లో ఉన్నవాళ్లు వెళతారు."

"ఇప్పుడు అక్కడ దగ్గర్లో ఎవరున్నారు?"

గోరింక మెడ సాచి చూసింది. "ఎవరూ లేరు."

"మరి వాళ్లకి ఖాయమని చెప్పొచ్చావుగా?"

"నువ్వు సరే అన్నావు కాబట్టి చెప్పాను. నాకు మొయ్యడానికి వీపుందా, వాగులో నడవడానికి అంతంత కాళ్లున్నాయా? నేను చెప్పిన ఖాయమంతా నీ సరే మీదే నిలబడింది బొర్రయ్యా!"

బొర్రయ్యకు సిగ్గేసింది. నీళ్లలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "పెద్దయ్యా, ఏమీ అనుకోకు" అని చెప్పి పరుగు అందుకున్నాడు. అంత బొజ్జతో అంత పరుగు అడవి ఎన్నడూ చూడలేదు.

నల్లబండ రేవులో సూదమ్మ అనే ముళ్లపంది కూర్చుని ఉంది. ఒడిలో దాని పిల్ల చిట్టి. కాలిలో తుమ్మముల్లు దిగి, పాదం వాచిపోయి, మూలుగుతోంది.

"వచ్చావా అన్నా! 'ఖాయమన్నారమ్మా, వస్తారు' అని దీనికి చెబుతూనే ఉన్నాను" అంది సూదమ్మ. "అవతలి గట్టుకి ఎలుగు వైద్యుడు నెలకొక్కసారి వస్తాడు. ఎండ ఈ బండ పైదాకా ఎక్కితే వెళ్లిపోతాడు."

బొర్రయ్య బండ వైపు చూశాడు. ఎండ సగం దాకా ఎక్కేసింది. సూదమ్మ ముళ్ల వైపు కూడా చూశాడు. గుటక మింగి, "ఎక్కమ్మా" అని కూర్చున్నాడు.

"ముళ్లు దగ్గరికి ముడుచుకుంటానులే అన్నా" అంది సూదమ్మ. పాపం, ముడుచుకుంది కూడా. అయినా ఒకటి గుచ్చుకోనే గుచ్చుకుంది.

వాళ్లు అవతలి గట్టెక్కేసరికి ఎలుగు వైద్యుడు తేనెబుర్ర చంకన పెట్టుకుని లేచి నిలబడ్డాడు. చిట్టిని చూసి మళ్లీ కూర్చున్నాడు. ముల్లు లాగి, తేనె రాసి, ఆకు కట్టాడు. "ఇంకో నెల ఆగి ఉంటే ఈ కాలు దక్కేది కాదు" అన్నాడు. సూదమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తాను ఎగ్గొట్టిన పాత సవారీల్లో ఎవరెవరు ఎలా ఎదురుచూశారో అని బొర్రయ్య గుండె బరువెక్కింది.

ఆ సాయంత్రం బొర్రయ్య ఇప్పచెట్టు దగ్గరికి వెళ్లాడు. "అక్కా, రేపటి సవారీకి సరే అన్నవాడు ఆ రాత్రి ఆ రేవులోనే పడుకోవాలి. వాడు అక్కడికి చేరాకే నువ్వు ఖాయమని చెప్పు" అన్నాడు. మోసేవాళ్లలో మిగిలినవాళ్లు కాసేపు గొణిగారు. తర్వాత ఒప్పుకున్నారు.

బొర్రయ్య ఆ రోజు చెరుకు తినలేదు. పగలు కడుపునిండా మేసిన నల్లబండ గడ్డినే హాయిగా నెమరేస్తూ పడుకున్నాడు. కొంగ వచ్చి, "నీ వీపున ముల్లుంది, పీకనా?" అని అడిగింది.

"ఇవాళ్టికి ఉండనీవే. సరే అనేముందు గుర్తుంటుంది" అన్నాడు బొర్రయ్య.

నీతి: మనం "వస్తాను" అన్న మాట నమ్మి ఎవరో ఒకరు దారి చూస్తూ కూర్చుంటారు; మాట ఇచ్చాక వాళ్లను మరిచిపోకూడదు.