న్యాయాధికారి నాలుక

రాజుగారి ఏనుగు తన దోసపాదులు తొక్కేసిందని అంకమ్మ దర్బారుకెక్కింది.

"మా న్యాయాధికారి శరభయ్యగారు తీర్పు చెబుతారు. ఆయనకు మేడ ఇచ్చాను, మాన్యం ఇచ్చాను. ఒకరి దగ్గర చెయ్యి చాపే పనిలేదు. అంత స్వతంత్రుడు!" అన్నాడు రాజు.

అన్నీ మీరిచ్చినవేగా అనబోయి అంకమ్మ ఆగింది. ఇంటి దగ్గరే కొన కొరికి చూసి ఏరుకొచ్చిన రెండు దోసకాయలు గంపలోంచి తీసింది.

"ముందు నా పంట రుచి చూడండి," అంటూ మంచికాయ ముక్క రాజుకు, చేదుకాయ ముక్క శరభయ్యకు ఇచ్చింది.

రాజు నమిలి, "కమ్మగా ఉంది!" అన్నాడు.

శరభయ్య ముఖం వంకర్లు పోయింది. రాజుకేసి చూసి గుటుక్కున మింగాడు. "అవును ప్రభూ, చాలా కమ్మగా ఉంది."

ఆయన తిన్న కాయలోంచే ఇంకో ముక్క కోసి అంకమ్మ రాజుకిచ్చింది. రాజు కొరికి తుపుక్కున ఉమ్మేశాడు.

"సొంత నాలుక చెప్పిందే పైకి చెప్పలేని మనిషి, తమ ఏనుగుది తప్పని చెబుతాడా దొరా?" అంది అంకమ్మ.

రాజు మూతి తుడుచుకుని నవ్వేశాడు. "అలాంటి చేదుకాయలు ఓ గంపెడు పంపించు," అన్నాడు.

మర్నాడు శరభయ్య స్థానంలో న్యాయాధికారి పదవికి వచ్చినవాళ్లకు రాజే స్వయంగా ముక్క అందించి, "కమ్మగా ఉంది కదూ?" అని అడిగాడు. పదకొండుమంది అవునన్నారు. పన్నెండోవాడు, ఒక ముసలి కుమ్మరి, ఉమ్మేసి, "దీన్ని గొడ్డు కూడా ముట్టదు ప్రభూ!" అన్నాడు.

పదవి అతనికే దక్కింది. అతని మొదటి తీర్పులో ఏనుగు ఓడిపోయింది.