చీమ దూరని పందిరి

పట్టుపురుగుల షెడ్డు మూతపడి నాలుగేళ్లయింది. మనుషులు షెడ్డుకు తాళం వేసి వెళ్లారు గాని, వెనక పెరటికి తాళం వేయడం ఎవరి వల్లా కాదు కనుక అది మిగిలినవాళ్లకు మిగిలింది. మిగిలినవాళ్లంటే ముగ్గురు: ఓబన్న అనే ముసలి ఎద్దు, రంగక్క అనే మేక, బూదెమ్మ అనే బూడిదరంగు కోడి.

కొండవాలు ప్రాంతం కావడంతో పుష్యమాసంలో అక్కడ చలి ఎముకలు కొరుకుతుంది. గింజ వేస్తే మొలవదు. మొలిచినా మంచుకు నల్లబడుతుంది. దాన్నీ తట్టుకుని బతికితే ఏదుపంది వచ్చి వేళ్లతో సహా తవ్వుకుపోతుంది. ఏదుపందికి సిగ్గు లేదు. ఒళ్లంతా ముళ్లున్నవాళ్లకు సాధారణంగా ఆ అవసరం రాదు.

బూదెమ్మ బాధ వేరు. కిందటేడు ఆమె పదకొండు గుడ్లు పొదిగి పదకొండు పిల్లల్ని చేసింది. రెంటిని గద్ద తన్నుకుపోయింది. అది విధి అనుకుంది. తక్కిన తొమ్మిదీ తిండిలేక ఒక్కొక్కటే పోయాయి. దాన్ని మాత్రం విధి అనుకోలేకపోయింది. వయసు చూస్తే ఈ ఏడు పొదిగితే పొదిగినట్టు, లేకపోతే లేనట్టే. నాలుగు గుమ్మడిపాదులు కాస్తే చాలు, ఒక్కో కాయ పగలగొట్టుకుంటే పిల్లలకు వారం గడుస్తుందని ఆమె ఆశ. చూరులో ఎవరో మనుషులు దాచి మరిచిపోయిన గుమ్మడిగింజల మూట ఒకటి ఆమెకు దొరికింది. ఆకలేసినా తినలేదు. కోడి గింజ తినకుండా దాచిందంటే ఆశ ఎంత గట్టిదో తెలుసుకోవచ్చు.

అలాంటి రోజుల్లో గాలివాన వచ్చి, ఎక్కడి నర్సరీదో తెలియదు, ఇంత పెద్ద పాలిథీన్ పట్టాను తెచ్చి తుమ్మచెట్ల మీద ఆరేసింది. మనుషులు కొండలు పిండి కొట్టి చేసిన వస్తువులెన్నో ఉన్నాయి గాని, తనంతట తాను వచ్చి అవసరమైనవాళ్ల గుమ్మంలో వాలే గుణం ఈ ఒక్కదానికే ఉంది.

"దీన్ని పందిరిగా కప్పితే లోపల వెచ్చగా ఉంటుంది. గింజ మొలుస్తుంది. నర్సరీ ముందునుంచి ఎన్నిసార్లు బండి లాగలేదు నేను, లోపల చూశా" అన్నాడు ఓబన్న. ఓబన్న ఒక మాట అనాలంటే దాన్ని ముందు ఒకపూట నెమరేస్తాడు.

షెడ్డు వెనక వసారాలో చంద్రికలు, అంటే పట్టుపురుగులు గూళ్లు కట్టుకునే వెదురు తడికలు, దొంతర్లుగా పడి ఉన్నాయి. ఓబన్న వాటిని కొమ్ములతో ఈడ్చుకొచ్చాడు, గోడలుగా నిలబెట్టారు. వెదురుబొంగులు వంచి పైన పట్టా కప్పారు, అంచుల్ని మట్టితో పూడ్చారు. ఎరువు రంగక్కది. ఆ విషయంలో ఆమె ఎవర్నీ యాచించకుండా సొంతంగా సమకూర్చింది.

"ఇంతా చేస్తే ఏదుపంది ఒక్క రాత్రిలో చీల్చిపారేస్తుంది, కాపలా ఎవరు?" అంది బూదెమ్మ.

"నేనుంటా" అంది రంగక్క.

తక్కిన ఇద్దరూ ఆమె నోటి వైపు చూశారు. మేకను పచ్చటి మడికి కాపలా పెట్టడం గురించి చెప్పాల్సినదంతా ఆ చూపులోనే ఉంది.

"సరే, నేను నోరు జారాను" అంది రంగక్క.

సరిగ్గా అప్పుడే గట్టు మీంచి ఒక గొంతు వినిపించింది. "పెద్దలు ఏదో ఆలోచనలో ఉన్నట్టున్నారు."

చెన్నప్ప. నక్క. షెడ్డు వెనక రాళ్లకుప్పలో కాపురం. ఎవరూ పిలవని సమావేశానికి సమయానికి రావడంలో అతనికి మంచి పేరుంది.

"నక్కను తొక్కితే అదృష్టం అంటారు గదా" అన్నాడు వచ్చి కూర్చుంటూ. "తొక్కనక్కర్లేదు, పక్కన పెట్టుకుంటే చాలు. నా వాసన తగిలితే ఏదుపంది ఈ దిక్కు చూడదు. కాపలా నేను కాస్తా. పైగా పందిరి సాగులో నాకు అనుభవం ఉంది."

"ఎక్కడ చేశావు?" అన్నాడు ఓబన్న.

"చేయలేదన్నా, చూశా. చేసినవాడి కన్నా చూసినవాడికే తప్పులు ఎక్కువ కనిపిస్తాయి."

ఓబన్న దాన్ని నెమరేయడానికి తీసుకున్నాడు. ఈలోగా బూదెమ్మ అడిగింది: "నీకేం కావాలి చెన్నప్పా?"

"నాకేం కావాలి తల్లీ! నువ్వు పెట్టే గుడ్డు నాకు పెట్టు. ఎల్లకాలం కాదు, పందిట్లో మొదటి కాయ పడేదాకా. కాయ పడ్డ రోజున నా కూలి ఆగిపోవాలి. నేను అధర్మం మాట్లాడను."

బూదెమ్మ మనసులో లెక్క వేసుకుంది. గుమ్మడి రెండు నెలల్లో పిందె పడుతుంది. అప్పటిదాకా గుడ్లు పోతే పోయాయి. పిందె పడ్డాక వచ్చే గుడ్ల మీద కూర్చుంటే, పిల్లలు బయటికొచ్చే వేళకు కాయలు సిద్ధంగా ఉంటాయి. లెక్క బాగుంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఆమెకు తెలుసు గాని, సామెతలు మనకు అవసరమైన రోజున గుర్తురావు.

"సరే" అంది.

గింజలు మొలిచాయి. తీగలు సాగాయి. బయట మంచు కురుస్తుంటే లోపల చెయ్యెడల్పు ఆకులు! రంగక్క పట్టా మీద ముక్కు ఆనించి చూసేది. అక్కడ ఆమె ఊపిరికి తెల్లగా ఒక మరక కట్టింది. ఏదుపంది నిజంగానే రాలేదు. చెన్నప్ప పనిలో లోపం ఎంచడానికి లేదు. రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు, పందిరి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవాడు, ఎక్కడ చిల్లు కనిపించినా బంకమట్టి పెట్టించేవాడు, తట్టలో గుడ్డు తీసుకుని వెళ్లేవాడు. తలుపుకు బయటినుంచి గొళ్లెం కూడా అతనే పెట్టించాడు. తెల్లవారుజామున ఓబన్న నీళ్లు పోసి వచ్చాడంటే మళ్లీ మర్నాటిదాకా గొళ్లెం తీయకూడదు.

"చీమ దూరకూడదు. సాగులో మొదటి సూత్రం" అనేవాడు.

మాఘం దాటింది. పాదులు పసుపురంగు పూలతో నిండిపోయాయి. మూడో రోజుకు అన్నీ రాలిపోయాయి.

"అవి మగపూలు" అన్నాడు చెన్నప్ప. "గుమ్మడికి మగపూలే ముందొస్తాయి, వచ్చి ఊరికే పోతాయి. మగవాళ్ల సంగతి తెలిసిందే గదా."

అది నిజం. ఒక పెద్ద అబద్ధం నిలబడాలంటే కింద ఇలాంటి చిన్న నిజం ఒకటి ఉండాలి. ఆ నిజం మీద అతను పదిహేను గుడ్లు తిన్నాడు.

ఆ తర్వాత ఆడపూలు వచ్చాయి. కాడ దగ్గర గోలీకాయంత పిందెతో సహా వచ్చాయి. బూదెమ్మ పట్టా బయట నిలబడి వాటిని చూసి రెండు రోజులు నిద్రపోలేదు. నాలుగో రోజుకు పిందెలు పసుపెక్కి, మెత్తబడి, రాలిపోయాయి.

"నేలలో సారం లేదు" అన్నాడు చెన్నప్ప.

"నా ఎరువును అంటున్నావా?" అంది రంగక్క.

"ఎవర్నీ అనడం లేదక్కా. నేలను అంటున్నా. నేల ఎదురు చెప్పదు."

"మధ్యాహ్నం పాదులన్నీ తలలు వాల్చేస్తున్నాయి. ఉక్కపోస్తోందేమో, ఒక పక్క పట్టా ఎత్తితే?" అన్నాడు ఓబన్న. వారం రోజులుగా నెమరేస్తున్న మాట అది.

"అది కునుకు ఓబన్నా. మధ్యాహ్నం కునుకు తీయనిది ఎవరు? నువ్వు తీయవూ?"

తీస్తాడు. రోజూ తీస్తాడు.

ఒకరోజు పొద్దున బూదెమ్మ పందిరి వెనక వైపు గెలుకుతుంటే మట్టి అంచు కిందనుంచి ఒక తీగ బయటికొచ్చి గడ్డిలో పడి ఉండడం కనిపించింది. దాని చివర నిమ్మకాయంత గుమ్మడిపిందె. ఆకుపచ్చగా, గట్టిగా, ముక్కుతో తడితే టక్కుమనేలా ఉంది. పక్కనే విచ్చిన పువ్వులోంచి ఒక తేనెటీగ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చింది. ఒళ్లంతా పసుపుపొడి.

"ఏయ్ దొంగా! చెన్నప్ప చెప్పాడు నీ సంగతి. నువ్వు తేనె తాగేస్తే కాయకు తీపి ఎక్కడినుంచి వస్తుంది?" అంది బూదెమ్మ.

"ఎవరా చెన్నప్ప? గుమ్మడి పండించాడా ఎప్పుడైనా?" అంది తేనెటీగ.

"చూశాడట."

"చూడ్డానికేం పెద్దమ్మా, నేనూ నెల రోజుల్నుంచి లోపలి పూలు చూస్తూనే ఉన్నా. దారేదీ? తల వాచిపోయింది ఆ పట్టాకు కొట్టుకుని." కాలితో తల నిమురుకుంది. "ఇదిగో, ఈ పొడి మగపువ్వుది. తేనె కోసం దూరితే ఒంటికి అంటుకుంటుంది. దులుపుకునే తీరిక మాకెక్కడిది? పోయి ఆడపువ్వులో దూరితే అక్కడ రాలుతుంది. రాలితే పిందె నిలుస్తుంది, లేకపోతే కుళ్లిపోతుంది. మా అమ్మమ్మల కాలం నుంచీ ఇదే వరస. వస్తా, పనుంది."

బూదెమ్మ కాసేపు ఒంటికాలి మీద నిలబడిపోయింది. తర్వాత మధ్యాహ్నం చెన్నప్పను పిలిచి ఆ పిందె చూపించింది.

"కాయ పడింది చెన్నప్పా. ఇక నీ కూలి ఆగినట్టే."

చెన్నప్ప పిందెను ఈ పక్కనుంచీ ఆ పక్కనుంచీ చూశాడు. మట్టి అంచును చూశాడు. నిట్టూర్చాడు.

"కాయే తల్లీ, కాదనను. కాని పందిరి బయట పడింది. మన మాట 'పందిట్లో' అని. మాటంటే మాటే గదా, లేకపోతే నాకూ ఏదుపందికీ తేడా ఏముంది?"

అని, ఆ రోజు గుడ్డు తట్టలోంచి తీసుకుని వెళ్లాడు. వెళ్లేముందు తీగ వచ్చిన కన్నానికి మట్టి పెట్టించాడు.

బూదెమ్మకు అప్పటికి అంతా అర్థమైంది. కంచే చేను మేస్తే కనీసం చేను ఉండేదని తెలుస్తుంది. ఇది చేను పుట్టకుండానే మేస్తున్న కంచె. అయితే నక్కతో కోడి దెబ్బలాటకు పోకూడదని ఆమెకు తెలుసు. వాళ్ల వంశంలో ఆ ప్రయోగం చాలామంది చేశారు.

ఆ సాయంత్రం ఓబన్నకు విషయం చెప్పింది. ఈసారి నెమరేయడానికి వ్యవధి ఇవ్వలేదు.

"రేపు మధ్యాహ్నం నువ్వొక పని చేయాలన్నా."

"ఏం చేయాలి?"

"కునుకు తీయాలి. పందిరి తలుపుకు ఆనుకుని."

"అది నాకు చేతనైన పనే" అన్నాడు ఓబన్న.

మర్నాడు ఫాల్గుణమాసపు ఎండ పెళపెళలాడుతోంది. చెన్నప్ప వచ్చి ప్రదక్షిణ చేసి తట్టలో చూశాడు. ఖాళీ.

"గుడ్డేది తల్లీ?"

బూదెమ్మ జామచెట్టు నీడలో, చెత్తకుప్ప మీద ముడుచుకు కూర్చుని ఉంది. "ఈ ఎండకు తట్టలో పెడితే పాడైపోతుందని, పొద్దున ఓబన్న నీళ్లు పోసేటప్పుడు నేనూ లోపలికి దూరి, కొసపాదు కింద చల్లటి నేల చూసి పెట్టొచ్చా. నాకు ఒంట్లో బాగాలేదు, నువ్వే తెచ్చుకో."

"పందిట్లోకి నువ్వు దూరడం సూత్రానికి విరుద్ధం" అన్నాడు చెన్నప్ప కొంచెం నొచ్చుకుని. గొళ్లెం తీసి లోపలికి వెళ్లాడు. చీమ దూరకుండా తలుపు వెనక్కి లాక్కున్నాడు. అలవాటు.

ఓబన్న లేచి వచ్చి, తలుపుకు వీపు ఆనించి పడుకున్నాడు.

లోపల ఆకులు కదిలిన చప్పుడు. కొసపాదు. దాని ముందు పాదు. దానికి ముందుది. తర్వాత తలుపు దగ్గర చిన్న తోపు.

"ఓబన్నా, తలుపు తీయి."

"తీస్తే చీమ దూరుతుంది" అన్నాడు ఓబన్న కళ్లు మూసుకుని.

"ఇక్కడ గుడ్డు లేదు."

"నేలలో సారం లేదేమో" అంది రంగక్క పట్టాకు ముక్కు ఆనించి.

"బూదెమ్మా! ఇక్కడ ఉక్క భరించలేకుండా ఉంది."

"అది ఉక్క కాదు చెన్నప్పా, కునుకు. నువ్వే చెప్పావు" అంది బూదెమ్మ కూర్చున్నచోటు నుంచి కదలకుండా. "ఒక్క మాట చెప్పి వెళ్లు. ఇన్ని పూలు పూస్తే పందిట్లో కాయ ఎందుకు పడలేదు?"

"విత్తనం మంచిది కాదు."

"బయట పడ్డ కాయ ఆ విత్తనానిదే."

లోపల వగర్పు ఎక్కువైంది.

"నీళ్లు చాలలేదు."

"నీళ్లు పోసింది నేను" అన్నాడు ఓబన్న, ఇంకొంచెం బరువుగా ఆనుకుంటూ.

పట్టా లోపలివైపు ఎర్రగా, పొడుగ్గా ఒక నాలుక వచ్చి అంటుకుంది. రంగక్క మర్యాదగా కొంచెం పక్కకు జరిగింది.

"తేనెటీగలు రావాలి!" అని అరిచాడు చెన్నప్ప. "అవి తిరిగితేనే పిందె నిలుస్తుంది! అది తెలియనివాడెవడు? మొదటి రోజునుంచీ తెలుసు నాకు! తీయండిరా బాబూ!"

"విన్నావా ఓబన్నా?" అంది బూదెమ్మ.

ఓబన్న విన్నాడు. అలవాటు కొద్దీ నెమరేయడం మొదలుపెట్టాడు.

అది పూర్తయ్యేదాకా ఆగే స్థితిలో చెన్నప్ప లేడు. తూర్పు గోడ మీదికి దూకి చంద్రిక సందుల్లోంచి గోళ్లు దూర్చి పట్టాను పైనుంచి కిందిదాకా చీల్చాడు. వెదురు మాత్రం కదల్లేదు. తల పట్టలేదు. పడమటి గోడ మీదికి దూకాడు, అక్కడ చీల్చాడు, తలా మెడా దూర్చి, తోక మీది వెంట్రుకలు సగం వెదురుకు వదిలి బయటపడ్డాడు. ఎవరి వైపూ చూడకుండా గట్టెక్కి, వంకలో నీళ్లున్నాయన్న దిక్కుకు పరిగెత్తాడు.

తూర్పు చీలికలోంచి గాలి దూరి పడమటి చీలికలోంచి బయటికొచ్చింది. వాలిన ఆకులు ఒక్కొక్కటే తలలెత్తాయి. ఓబన్న లేచి ఆ చీలికల్ని రెండు వైపులా కళ్లారా చూసుకున్నాడు. సరిగ్గా గాలి ఆడాల్సిన చోట్లే ఉన్నాయి. అనుభవం ఉన్నవాడి పని.

కాసేపటికి మొదటి తేనెటీగ వచ్చింది. తర్వాత లెక్కపెట్టడం ఎవరూ పెట్టుకోలేదు.

"ఇంతకీ ఇవాళ్టి గుడ్డు ఎక్కడ పెట్టావు బూదెమ్మా?" అంది రంగక్క.

"నా కిందే ఉంది" అంది బూదెమ్మ. అందుకే పొద్దుటినుంచీ ఆమె లేవలేదు. ఇంకా పన్నెండు రోజులు గుడ్లు కూడేసుకుని, అప్పుడు పొదుగుదామని ఉంది. ఈలోగా పందిట్లో తొమ్మిది పిందెలు నిలిచాయి. ఏదుపంది ఒకసారి వచ్చింది గాని, తలుపు దగ్గర ఓబన్న కునుకు తీస్తుంటే దానికి దారి దొరకలేదు.

చెన్నప్ప కొండకు అవతల అడవిపందుల దగ్గర చేమదుంపల సాగుకు సలహాదారుగా కుదిరాడని వినికిడి. దుంప ఊరేదాకానట ఒప్పందం.

నీతి: పంట పండనన్నాళ్లూ కూలి సాగేటట్టు కాపలావాణ్ణి పెట్టుకుంటే, ఆ పంట ఎన్నటికీ పండదు.