తడిక పోలయ్య మేకు

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా ఉగ్గు తాగే రోజుల్లో, ఎర్రమట్టి దిబ్బల నడుమ ఒక కాకిబంగారపు గని ఉండేది. మట్టిలో పొరలు పొరలుగా తళతళలాడే అభ్రకమే కాకిబంగారం. గని చుట్టూ ముళ్లకంప. కంపకి ఒకే ఒక తడిక. తడిక దగ్గర పోలయ్య.

పోలయ్య కూడా ఒకప్పుడు గనిలో తవ్వినవాడే. రాయి పడి కాలు పోయాక, చంకన కర్ర పెట్టుకుని కాపలాకి కూర్చున్నాడు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆ తడికే.

తడిక పక్కన మట్టిగోడ నిండా మేకులు. మేకుకొక బిళ్ళ. గని కూలీలకి చెక్క బిళ్ళ, ముఠా కట్టి పనికొచ్చేవాళ్లకి తాటాకు బిళ్ళ, చూసిపోదామని వచ్చేవాళ్లకి గవ్వ బిళ్ళ. లోపలికి పోతూ తీసుకోవాలి, బయటికి వస్తూ పోలయ్య చేతిలో పెట్టాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు. ఖాళీ మేకు ఉన్నంతసేపూ పోలయ్య తడిక మూయడు, అన్నం ముట్టడు.

వచ్చినవాళ్లని మూడే మూడు మాటలు అడిగేవాడు.

"ఎవురయ్యా నువ్వు? ఎవురి పని మీద వచ్చినావు? ఇంట్లో ఎవురికి చెప్పి వచ్చినావు?"

రోజూ చూసే మొహానికీ అవే మూడు. గని దొర బావమరిది పట్టు తలపాగా చుట్టుకుని వచ్చినా అవే మూడు. ఆ మహారాజు చిందులు తొక్కాడు. తొక్కి తొక్కి అలిసిపోయి, చివరికి గవ్వ బిళ్ళ మెడలో వేసుకునే లోపలికి పోయాడు. కూలీలు తుండుగుడ్డలు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

ఆ కూలీల్లో పెంచలయ్య అని ఒకడు. వాడి గుడిసె గని వెనకవైపు ఉంది. తడిక దాకా వచ్చి చుట్టూ తిరిగిపోవాలంటే వాడికి బద్ధకం. కంపలో ఒక సందు చూసి పెట్టుకున్నాడు. ఒకనాటి సాయంత్రం వాడి స్నేహితుడు కోటయ్య రెండు బిళ్ళలు తెచ్చాడు.

"పెంచలయ్యది గూడా ఇదిగో మావా. వాడు సందులోనించి ఇంటికి పోతాడంట."

"ఎవురి బిళ్ళ వాళ్లే తేవాల. పో, పిల్చకరా."

రెండోనాడూ అంతే. కోటయ్య గొణుక్కుంటూ వెనక్కి పోయాడు.

మూడోనాడు ఆకాశం నల్లబడి వాన మొదలైంది. కోటయ్య మళ్లీ రెండు బిళ్ళలతో ఏడుస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"ఇంట్లో ఆడమనిషి నొప్పులు పడతా ఉండాది మావా! ఈ పొద్దు నన్ను నిలబెట్టబాక!"

పోలయ్య మనసు కరిగింది. చెయ్యి చాచాడు. రెండు బిళ్ళలూ మేకులకి తగిలించాడు. బతుకంతా కాపలా కాసి ఆ ఒక్కసారే తప్పాడు పాపం.

వాన జోరెక్కింది. గనిలో ఒక పక్క దిబ్బ జారి కూలింది. మేస్త్రి పరిగెత్తుకొచ్చి గోడ చూశాడు. మేకులన్నీ నిండుగా ఉన్నాయి. "అందరూ వచ్చేసినారు" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. అంతలో పెంచలయ్య పెళ్లాం రవణమ్మ బురదలో పడుతూ లేస్తూ వచ్చింది.

"మా ఆయన ఇంకా ఇంటికి రాలా."

"బిళ్ళ ఉండాది గదమ్మా, యాడన్నా వానకి ఆగుంటాడు" అన్నాడు మేస్త్రి.

"బిళ్ళ వచ్చింది. మనిషి మొహం నేను చూళ్ళేదు. తప్పు నాది" అన్నాడు పోలయ్య.

జారే గనిలోకి దిగడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. పోలయ్య కర్ర అందుకున్నాడు. రవణమ్మ వెక్కుతూనే, ఆ తడిక దగ్గర అలవాటైన మాట అడిగింది.

"ఎవురికి చెప్పి పోతుండావు మావా?"

"నాకెవురుండారమ్మా. నీకే చెప్పి పోతుండా."

పాత దారులన్నీ పోలయ్యకి తెలుసు. సందు దాకా పోకముందే దిబ్బ కూలి, సొరంగంలో పెంచలయ్య కాలు దూలం కింద పడి నలిగి ఉంది. పోలయ్య తన కర్రని దూలం కింద దోపి, భుజం ఆనించి పైకెత్తాడు. కాలు బయటికొచ్చింది. కానీ ఇప్పుడు ఆ కర్రే కప్పుని మోస్తోంది. కర్ర తీస్తే కప్పు కూలుతుంది. తీయకపోతే పోలయ్య నడవలేడు.

"నిన్ను ఇడిసిపెట్టి నేను పోను మావా."

"పాక్కుంటా పోరా అబ్బయ్యా. గోడ మీద నాకు మేకు లేదు. నేను ఈ సొరంగంలో ఉండానని ఎవురికీ తెలవదు. నువ్వు పోయి చెప్పు."

పెంచలయ్య పాకాడు. బురదలో, నీళ్లలో, ఏడుస్తూ పాకాడు. తడిక దగ్గరికొచ్చి "పోలయ్య మావ సొరంగంలో ఉండాడు" అన్నాడో లేదో, వెనక కొండ కూలినంత చప్పుడైంది.

ఒకరోజు తవ్వారు. రెండు రోజులు తవ్వారు. మూడోరోజు అడుగునించి నీళ్లు పైకుబికాయి. పోలయ్య దొరకలేదు. చుట్టుపక్కల పల్లెల్లో పొయ్యి వెలగలేదు.

కోటయ్యకి ఆ వానలోనే కొడుకు పుట్టాడు. కొడుకుని ఎత్తుకోకముందే కోటయ్య గోడ దగ్గరికి పోయి, అన్ని మేకులకంటే పైన తన చేత్తో ఒక మేకు కొట్టాడు. దానికి బిళ్ళ తగిలించలేదు. దాని కిందే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ గని నీళ్లతో నిండి ఎన్నో ఏళ్లయింది. అయినా ఆ దిబ్బల్లో ఏ కొత్త గని తవ్వినా, ముందు గోడ కట్టి, పైన ఒక ఖాళీ మేకు కొడతారు. ఒకరి బిళ్ళ ఇంకొకరు తేరు. పొద్దుగూకే వేళకి కాపలావాడు కేకేస్తాడు.

"అందరూ వచ్చినారా?"

చివరి మనిషి తన బిళ్ళ అతని చేతిలో పెట్టి చెప్తాడు.

"పోలయ్య మావ రావాల."

అప్పుడు తడిక దగ్గరికి వేస్తారు. గొళ్లెం మాత్రం పెట్టరు.