సున్నంలో ఉడికిన విత్తనం

ఎవులాలియో మాస్టారిని ప్రశ్న అడగడమంటే కోరి పని నెత్తికెత్తుకోవడమే. ఆయన జవాబు చెప్పడు, వెంటబెట్టుకుని ఎక్కడికో తీసుకెళతాడు. మెక్సికో దేశంలో ఒహాకా కొండల మధ్య శాన్ హసింతో అనే చిన్న ఊరుంది. అక్కడ ఆయన నలభై ఏళ్ళుగా బడి నడుపుతున్నాడు. మాస్టారు నాకు ఫలానాది చెప్పాడనేవాడు ఆ ఊళ్ళో ఒక్కడూ దొరకడు. ఫలానా చోటికి నడిపించి కాళ్ళు నొప్పులు పుట్టించాడని మాత్రం అందరూ అంటారు.

ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి ఆ ఏడు పట్నం నుంచి అన్సెల్మో వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, బాగా చదువుకున్నవాడు, మంచివాడు. మంచివాళ్ళకుండే తొందర కూడా అతనికి దండిగా ఉంది. ఊరివాళ్ళు అతన్ని చిన్న మాస్టారు అని పిలిచేవారు. మగవాళ్ళు ఒక్కొక్కరే ఊరు వదిలి ఉత్తరాన ఉన్న పక్క దేశానికి పోతుంటే అతనికి మనసొప్పేది కాదు.

"గురువుగారూ, మనవాళ్ళు ఎందుకిలా అటు ఎగబడుతున్నారు?" అని ఒక సాయంత్రం అడిగేశాడు. "ఎడారిలో దాహంతో చస్తున్నారు, పట్టుబడి జైళ్ళలో మగ్గుతున్నారు. అయినా ఆగరు. అక్కడి మోజు తప్ప నాకు వేరే కారణం కనిపించడం లేదు. సొంత మట్టి మీద ప్రేమ ఉన్నవాడు అలా వెళతాడా? ఇప్పుడు రైతు నికనోర్ కూడా మూటాముల్లె సర్దుతున్నాడట. ఇద్దరు ఆడపిల్లలున్నారు అతనికి. రేపు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి ఎలాగైనా సరే అతన్ని ఆపుతాను."

"ఆపు," అన్నాడు పెద్దాయన. "పొద్దున్నే మాత్రం నాతో పిండిమరకు రా."

ఆ ఊరి వంట సంగతి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. వాళ్ళకు మూడు పూటలా మొక్కజొన్న రొట్టెలే. ఆడవాళ్ళు ముందురోజు గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి నానబెడతారు. పొద్దున కడిగి బకెట్లలో పిండిమరకు తెచ్చి తడి ముద్దగా రుబ్బించుకుంటారు. విత్తనాల దారి వేరు. కోతలప్పుడే మంచి కంకులు ఏరి, పొట్టుతో జడలల్లి, వంటింట్లో పొయ్యి పొగ తగిలేలా పైన వేలాడదీస్తారు. వాటిలో కూడా కంకి మధ్యనున్న గింజలనే విత్తనానికి వలుస్తారు. మొదట్లోవీ కొసనవీ చిన్నవని పక్కన పెట్టేస్తారు. తొలకరి పడేదాకా ఆ కంకుల జోలికి వెళ్ళిన ఇల్లు ఆ ఊళ్ళో లేదు.

మరునాడు గురుశిష్యులు వెళ్ళేసరికి పిండిమర ముందు ఎనిమిది మంది ఆడవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. మర నడిపే తిబుర్సియా ముసలిది, నోరు పెద్దది. ఎవరి బకెట్‌లోకి తొంగి చూసినా వాళ్ళింటి సంగతులు పూసగుచ్చినట్టు చెప్పగలదని పేరు. వరస చివర నికనోర్ భార్య ఎర్మెలిందా, బకెట్ మీద గుడ్డ కప్పుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడింది.

ఆమె వంతు వచ్చింది. తిబుర్సియా గుడ్డ తీసింది. లోపల నీలం మొక్కజొన్న. గింజలన్నీ బొద్దుగా, అన్నీ ఒకే సైజులో ఉన్నాయి. వాటిలో కొస గింజ ఒక్కటి కూడా లేదు. ముసలిదాని చెయ్యి అక్కడే ఆగిపోయింది. పని అయినవాళ్ళు కూడా కబుర్లు ఆపి అటే చూశారు.

అర్థం కానిది చిన్న మాస్టారికి ఒక్కడికే. దగ్గరికి వచ్చి బకెట్‌లో చూశాడు. "ఎంత చక్కని గింజలమ్మా! ఇలాంటి పంటనిచ్చే నేల ఉండగా నికనోర్‌కి ఎక్కడికో పోవలసిన ఖర్మ ఏమిటి?" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు పాపం. ఆడవాళ్ళు తలలు దించుకున్నారు.

"ఇవి విత్తనాలు మాస్టారూ," అంది ఎర్మెలిందా.

అన్సెల్మో కంగారు పడిపోయాడు. "అయ్యో, మరలో వేయకండి! ఇంటికి తీసుకెళ్ళి ఎండబెట్టుకోండి. వాన పడగానే నాటుకోవచ్చు. కావాలంటే నేనూ వచ్చి సాయం చేస్తాను," అన్నాడు.

ఇంకో రోజైతే ఆ మాటకు ఆ ఆడవాళ్ళు నెల రోజులు నవ్వుకునేవారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

"ఉడికింది మొలవదు మాస్టారూ," అని మెల్లగా చెప్పింది ఆమె.

తిబుర్సియా ఊరుకోలేకపోయింది. "పొయ్యి మీద పెట్టే ముందు నాతో ఒక్క మాట అనకూడదటే? నేను నాటుకునేదాన్ని కదా!" అని కసురుకుంది. ఆ కసురులో ఏడుపే ఎక్కువుంది.

"నాటి ఏం చేస్తావు పిన్నీ? కిందటేడు వానలు బాగా పడ్డాయి. పంట ఇరగకాసింది. ఆయన సంబరంగా సంతకు తోలుకెళ్ళాడు. కొట్ల ముందంతా పసుపు మొక్కజొన్న బస్తాలేనట, పక్క దేశం నుంచి వచ్చినవి. అక్కడి రైతులకు వాళ్ళ ప్రభుత్వం డబ్బు సాయం చేస్తుందట. ఆ ధరకు మనం ఎక్కడ ఇవ్వగలం? వచ్చినకాడికి తెగనమ్మి, ఇంటికొచ్చి రెండు రోజులు రొట్టె ముట్టలేదు. కరువు వస్తే ఓర్చుకోవడం మాకు తెలుసు. పంట బాగా పండితే ఏం చేయాలో మాకు తెలియడం లేదు." ఆమె బకెట్ ముందుకు జరిపింది. "వేసేవాడే వెళ్ళిపోతుంటే విత్తనం ఎందుకు? దారిలో తినడానికి రొట్టెలు చేసిస్తాను. కనీసం మన గింజే తింటూ పోతాడు."

 తిబుర్సియా ముందువాళ్ళ పిండి ఇందులో కలవకుండా మర రాళ్ళను శుభ్రంగా కడిగి, అప్పుడు మర తిప్పింది. ఎవులాలియో మాస్టారు వెనక గోడకు ఆనుకుని, అంతా అయ్యేదాకా టోపీ చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

సాయంత్రం అన్సెల్మో అన్న మాట ప్రకారం నికనోర్ ఇంటికి వెళ్ళాడు. ఎర్మెలిందా రొట్టెల్ని రోజుల తరబడి పాడు కాకుండా పెనం మీద కరకరలాడేట్టు కాలుస్తోంది. నికనోర్ సంచి పట్టీ కుట్టుకుంటున్నాడు. పెద్ద కూతురు దారం అందిస్తోంది.  అన్సెల్మో, "అక్కడ ఎటు వైపు వెళతావు?" అని మాత్రం అడిగాడు.

"ఆ పసుపు మొక్కజొన్న పండే వైపే మాస్టారూ," అన్నాడు నికనోర్. "పొలాల్లో మనుషులు కావాలంటున్నారు. పండించడం తప్ప నాకు ఇంకేం వచ్చు?"

రెండు రోజుల తర్వాత అతను వెళ్ళిపోయాడు. అన్సెల్మో బడిలో పెద్దాయన దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాడు. "ఆపలేకపోయాను గురువుగారూ. మీ మాటైతే వినేవాడేమో. మీరెందుకు చెప్పలేదు?"

నికనోర్‌కు అక్షరాలు దిద్దించింది ఎవులాలియోనే. ఆయన కిటికీలోంచి అతను దున్నకుండా వదిలివెళ్ళిన పొలం వైపు చూశాడు.

"అక్కడ వాడి చేతులకు కూలి ఇస్తారట నాయనా," అన్నాడు. "ఇక్కడ మనం గింజలు చూసి మెచ్చుకుంటాం."