ఆచార్యుల వారి ఆవలింత

గజకేసరి మహారాజుకి ఆ పొద్దున కొత్త పిచ్చి పట్టింది.

"నేటి నుంచి మన విద్యాపీఠం ప్రహరీ లోపల ఏ దేవుడి పేరూ వినబడకూడదు. పలికినవాడు ఎవడైనా సరే, నేనైనా సరే, మూటా ముల్లే సర్దుకోవాల్సిందే!" అని చాటింపు వేయించాడు.

ఈ పుల్ల పెట్టింది ప్రధానాచార్యుడు శార్ఙ్గపాణి. తెల్లారగానే విద్యార్థులు ఎవరి ప్రార్థన వాళ్ళు పైకి చదువుతుంటే ఆయనగారి నిద్ర చెడుతోందట. ఆ మాట చెప్పుకోలేక, "నలుగురు దేవుళ్ళ పేర్లు ఒక్కచోట వినబడితే కొట్లాటలు ఖాయం ప్రభూ" అని రాజు చెవిలో ఊదాడు.

మధ్యాహ్నానికే ముగ్గురు దొరికిపోయారు. శైవుడు బసవలింగం, జైనుడు నేమయ్య, ముసల్మాను ఖాదర్. ముగ్గురిదీ ఒకే గది. ఇంకో నెలలో చదువు పూర్తవుతుంది. పాపం, ఏడుపు ఆపుకుంటూ నిలబడ్డారు.

రాజుగారి తమలపాకుల పెట్టె మోసే తిప్పయ్య అది చూసి ముందుకొచ్చాడు.

"ప్రభూ, నోరు అదుపులో పెట్టుకోవడమెలాగో ఆచార్యుల వారి చేత నాలుగు ముక్కలు చెప్పించి మరీ పంపండి" అన్నాడు.

ఆచార్యుడు ఉబ్బిపోయాడు. విద్యాపీఠం మండపంలోనే రాజు, మంత్రి, సేనాపతి, విద్యార్థులందరి ముందూ మొదలెట్టాడు. నాలుగు ముక్కలు కాస్తా నాలుగు గడియలయ్యాయి.

అప్పుడు తిప్పయ్య అందరికీ కనబడేలా నోరు బార్లా తెరిచి ఆవలించాడు. ఏ దేవుడి పేరూ మాత్రం పలకలేదు.

ఆవలింత ఊరుకుంటుందా? మంత్రికి అంటుకుంది. నోటి ముందు చిటికె వేసి "రామ రామ" అన్నాడు. సేనాపతి "నరసింహా" అన్నాడు. రాజు కూడా చిటికె వేసి "శివశివా" అనేశాడు. వాళ్ళని గుడ్లురిమి చూస్తూనే ఆచార్యుడూ ఆవలించాడు.

"నారాయణా!"

మండపంలో అందరూ ఆచార్యుడి వైపు తిరిగారు.

"ప్రభూ, తమరి మూట ఏనుగు మీద కట్టించమంటారా, గుర్రం మీదా?" అన్నాడు తిప్పయ్య వినయంగా.

ఆచార్యుడు చేతులు జోడించాడు. "అది అలవాటులో వచ్చేసింది ప్రభూ! చిన్నప్పుడు మా అమ్మ నేర్పింది!"

"ఆ ముగ్గురికీ వాళ్ళమ్మలే నేర్పారు స్వామీ" అన్నాడు తిప్పయ్య.

రాజు పగలబడి నవ్వాడు. "ఇంతమంది దేవుళ్ళు వినబడినా ఒక్క దెబ్బా పడలేదేమయ్యా ఆచార్యా!"

చాటింపు అక్కడికక్కడే రద్దయింది. రాజు తన భుజం మీది పట్టుశాలువా తీసి తిప్పయ్యకి కప్పాడు. మిగతా ఉపన్యాసం కూడా రద్దనేసరికి, మండపంలో ఎవరి దేవుణ్ణి వాళ్ళు గొంతెత్తి తలుచుకున్నారు.