ఖాళీగా కనిపించిన బోర్డు

భీమవరం దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో భార్గవ అనే కుర్రాడు చదువుతుండేవాడు; తెలివికి లోటు లేదు గానీ, తెలియనిది ఒకరిని అడగాలంటే వాడికి తల తీసేసినట్టుండేది.

వాడి తరగతిలోనే చదివే సుభాషిణి, వాళ్ళ నాన్న రొయ్యల చెరువు కోసం ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులో ప్రోగ్రాం ఎక్కించి తయారుచేసింది. నీళ్ళకు గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోతే అది సైరన్ మోగిస్తుంది. అప్పటిదాకా ఆయన రాత్రుళ్ళు చెరువు గట్టు మీద జాగారం చేసేవాడు. పని పూర్తయ్యాక సుభాషిణి బోర్డును ల్యాబు బల్ల మీద పెట్టి, పక్క గదిలోకి పెట్టె తేవడానికి వెళ్ళింది.

భార్గవకు తాను రాసిన ప్రోగ్రాం పనిచేస్తుందో లేదో చూసుకోవాలనిపించింది. ఎవరిదో తెలియకపోయినా బల్ల మీద ఉన్న ఆ బోర్డు తీసుకుని, దాని బటన్ నొక్కిపట్టి కంప్యూటర్‌కు తగిలించాడు. పెన్‌డ్రైవ్ పెట్టినప్పటిలాగే తెర మీద ఒక డ్రైవ్ తెరుచుకుంది. అందులో ఎవరి ప్రోగ్రామూ కనిపించలేదు.

"అది ఎవరిదో కనుక్కున్నావా?" అని అడిగారు ల్యాబు మాస్టారు.

"ఖాళీదే సార్," అన్నాడు భార్గవ. కొత్త బోర్డేమో అనుకుని మాస్టారు పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

బోర్డులో ఉన్న ప్రోగ్రాం ఆ డ్రైవులో ఎప్పుడూ కనిపించదని మాస్టారు మొదటి పాఠంలోనే చెప్పారు. ఆ రోజు ఈ మహానుభావుడు రాలేదు. తర్వాత ఎవరినీ అడగనూ లేదు. తన ఫైలు లాగి అందులో వేశాడు. పాతది చెరిగిపోయింది. డ్రైవ్ తెర మీంచి మాయమై, బోర్డు మీద దీపం వెలిగింది. తన ప్రోగ్రాం బాగుందని మురిసిపోయి, బోర్డును ఉన్నచోటే పెట్టేశాడు.

సుభాషిణి వచ్చి దాన్ని పెట్టెలో సర్దుకుంటుంటే, అది ఆమెదని భార్గవకు అప్పుడు తెలిసింది. "ఇందులో నీ ప్రోగ్రాం ఉందా?" అన్న మాట నోటిదాకా వచ్చింది. అంతమందిలో తెలివితక్కువవాడిలా కనపడటం ఇష్టంలేక మింగేశాడు.

సోమవారం సుభాషిణి ఆ బోర్డు పట్టుకుని వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"బోర్డు బిగించిన రాత్రే ఏరేటర్లు ఆగిపోయాయి సార్, సైరన్ మోగలేదు," అంది మాస్టారితో. "సైరన్ ఉంది కదా అని నాన్న ఆ రాత్రే ఇంటికొచ్చి కంటినిండా పడుకున్నాడు. తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చిపోయాయి."

భార్గవ తల దించుకుని జరిగింది చెప్పాడు. సుభాషిణి కేకలు వేయలేదు.

"నేను పక్క గదిలోనే ఉన్నాను కదా. ఒక్క మాట అడగలేకపోయావా?" అంది.

చెరిగిపోయిన ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అది కాపలా కాయడానికి చెరువులో మాత్రం ఏమీ మిగల్లేదు.

నీతి: అడగడానికి నామోషీ పడేవాడి తప్పుకు శిక్ష ఇంకొకరి నెత్తిన పడుతుంది, అందుకే తెలియనప్పుడు నోరు తెరిచి అడగాలి.